ఐదు కారకాల ప్రయోగానికి బ్లాకులు వేసే ముందు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

వచ్చే ఖరీఫ్‌లో వరి మీద నత్రజని (ఏ), భాస్వరం (బీ), పొటాష్ (సీ), జింక్ (డీ), నాట్ల దూరం (ఈ) అనే ఐదు కారకాలను రెండేసి స్థాయిల్లో పరీక్షిస్తున్నావనీ, 32 మళ్లకూ ఒకే తీరు నేల దొరకక 8 మళ్ల చొప్పున 4 బ్లాకులు చేస్తున్నావనీ రాశావు. ఒక్క కారకం చూపేది ప్రధాన ప్రభావం, కొన్ని కలిసి చూపేది పరస్పర ప్రభావం; ఏ ప్రభావాన్నైనా దాని కారకాల అక్షరాలతో రాస్తాం. నాలుగు బ్లాకుల మధ్య మూడు తేడాలుంటాయి కనుక మూడు ప్రభావాలు నేల తేడాలో కలిసిపోక తప్పదు. వాటిలో రెండింటినే నువ్వు ఎంచుకోగలవు. మూడోది ఆ రెండింటి లబ్ధంగా దానంతటదే వస్తుంది, లబ్ధంలో రెండుసార్లు వచ్చిన అక్షరం కొట్టుకుపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ మూడోదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఎక్కువ కారకాల పరస్పర ప్రభావాలను పోగొట్టుకుంటే నష్టం లేదనే ధీమాతో ఏబీసీడీఈనీ, ఏబీసీడీనీ వదులుకున్నాను. నాట్లు పడుతుండగా మేస్త్రి వచ్చి, "సార్, ఈ బ్లాకంతా ఒకటే ఎడం పెట్టమన్నారేంటి?" అని అడిగేదాకా ఆ రెండింటి లబ్ధం 'ఈ' అని, అంటే నాట్ల దూరపు ప్రధాన ప్రభావమే పోయిందని, నాకు తట్టలేదు.

నువ్వు ఏబీసీ, సీడీఈ తీసుకో. మూడోది ఏబీడీఈ అవుతుంది, ప్రధాన ప్రభావాలూ రెండు కారకాల పరస్పర ప్రభావాలూ అన్నీ దక్కుతాయి. ఈ రెండింటితోనూ సరిసంఖ్యలో అక్షరాలు పంచుకునే మళ్లు మొదటి బ్లాకులోకి వస్తాయి (మడి పేరులో పై స్థాయిలో ఉన్న కారకాల అక్షరాలే ఉంటాయి): అన్నీ కింది స్థాయిలో ఉన్న మడి, ఏబీ, డీఈ, ఏబీడీఈ, ఏసీడీ, బీసీడీ, ఏసీఈ, బీసీఈ. ఈ బ్లాకు ఉపసమూహం, అంటే గుణకారంలో తనలోనే ఉండిపోయే గుంపు, కనుక ఇందులో ఏ రెండింటిని గుణించినా లబ్ధం ఇందులోనే ఉండాలి; లేకపోతే పట్టిక ఎత్తిరాయడంలో తప్పు దొర్లిందన్నమాట. దీన్ని ఏతో, సీతో, డీతో విడివిడిగా గుణిస్తే మిగిలిన మూడు బ్లాకులు, అంటే సహసమితులు, వచ్చేస్తాయి. బ్లాకు లోపల ఏ మడి ఎక్కడన్నది మాత్రం చీట్లు వేసే తేల్చు, దానికి బీజగణితం పనికిరాదు.

ఈ పద్ధతికి సమూహ సిద్ధాంతంతో, అంటే ఇలాంటి గుణకారపు గుంపుల గణితంతో, ఉన్న బంధాన్ని గణాంకవేత్త ఫిషర్ 1942లో చూపించారు, ఆర్.సి. బోస్ 1947లో 'సాంఖ్య' పత్రికలో పరిమిత జ్యామితి (లెక్కకు అందేన్ని బిందువులే ఉండే జ్యామితి) భాషలో దాన్ని విస్తరించారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారి లంబ వ్యూహాలు (స్థాయిల కలయికలన్నీ సమానంగా వచ్చే పట్టికలు) కూడా ఆ కాలానివే.

తర్వాతి ఏడాది నత్రజనిని 4 స్థాయిల్లో పెడతానన్నావు. ఇక్కడ సరి-బేసి చూడటమంటే 2తో భాగించి శేషం తీయడమే; అప్పుడు మాత్రం అలాగే 4తో భాగించి శేషాలు తీయకు: ఆ లెక్కలో రెండు రెళ్లు సున్నా అవుతుంది, బ్లాకులు సమంగా విడిపోవు. నాలుగు మూలకాల క్షేత్రం (వరి క్షేత్రం కాదులే, సున్నాతో తప్ప దేనితోనైనా భాగించగలిగే సంఖ్యావ్యవస్థ) వాడు, లేదా నత్రజనిని రెండేసి స్థాయిలున్న రెండు నకిలీ కారకాలుగా విడదీయి. వాటి లబ్ధం కూడా నత్రజని ప్రధాన ప్రభావంలో భాగమేనని మరవకు. 6 స్థాయిల జోలికి పోకు, ఆరు మూలకాల క్షేత్రమే లేదు.

నారు పోయకముందే నాలుగు బ్లాకుల పట్టిక నాకు పంపు, ఒకసారి గుణించి చూస్తాను.