ముందు ఫాల్స్ కుట్టు పాపా, రవికలు వాటి వెంటే వస్తాయి

పాపా,

నిన్న రాత్రి నువ్వు ఏడుపు గొంతుతో మాట్లాడతా ఉంటే ఫోన్లో సరిగ్గా ఏమీ చెప్పలేకపోయినా. పక్కన మీ పెద్దనాయన టీవీ మోత ఒకటి. అందుకే పొద్దున్నే సంగటికి ఎసరు పెట్టి ఈ జాబు రాస్తా ఉండా.

కడప ఎర్రముక్కపల్లెలో కుట్టు షాపు తెరిచి పద్దెనిమిది రోజులైంది, మూడే రవికలు వచ్చినాయి, అందులో రెండు మీ అత్తవే అన్నావు. ఇప్పుడు ఏడు రోడ్ల కాడ ఫ్లెక్సీ కట్టించి, రేటు సగానికి దించుతానంటావా? రెండూ వద్దు.

ఫ్లెక్సీ చూసి ఇచ్చే పని కాదు రవిక. చీర నచ్చకపోతే అంగట్లో మార్చుకుంటారు. గుడ్డ మీద కత్తెర పడినాక ఇంక మార్చుకునేది ఏముంది? పట్టుచీరతో వచ్చే రవిక ముక్క ఎనభై సెంటీమీటర్లో, మహా అయితే మీటరో. అదే రంగు, అదే అంచు మళ్ళీ యాడా దొరకదు. ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో దాన్ని పెట్టాలంటే ఎవురికైనా గుండె దడే. నీ వీధిలో ఆడోళ్ళు లేక కాదు, వాళ్ళకు రవికలు అక్కర్లేకా కాదు. భయపడి దూరం నుంచి చూస్తా ఉండారు, అంతే.

కాబట్టి భయం లేని పని అడుగు. చీరకు ఫాల్, జిగ్‌జాగ్. ఊడిపోయిన హుక్కులు. బిగుతైన చేతులు వదులు చేయడం. పిల్లోళ్ళ యూనిఫారం ప్యాంటు మడత విప్పడం. వీటిని చెడగొట్టినా కొంపేమీ మునగదని వాళ్ళకు తెలుసు, అందుకే ఇస్తారు. ఇచ్చి తీసుకుపోయేటప్పుడు మాత్రం ప్రతి ఒక్కరూ చీర తిరగేసి, నీ కుట్టు పైకి కనపడతా ఉందా లేదా చూస్తారు. నీకు పరీక్ష అక్కడే.

ఇంకోటి. నువ్వు జ్యేష్ఠం ఆఖర్లో తెరిచినావు, వెంటనే ఆషాఢం వచ్చె. పెళ్ళిళ్ళు లేని నెలలో పెళ్ళి రవికలు ఎట్ల వస్తాయి? అది నీ తప్పు కాదు, పంచాంగం అట్ల ఉంది. కానీ ఇదే నెలలో వై.వి. స్ట్రీట్ నిండా ఆషాఢం డిస్కౌంట్లు. ఆడోళ్ళు సంచులు సంచులు చీరలు తెచ్చుకుంటారు. ఆ చీరలన్నిటికీ ఇప్పుడు కావాల్సింది ఫాల్. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కట్టేది వాటినే, అప్పుడు కావాల్సింది రవిక. ఈ నెల ఎవురి చీర నీ చేతికి వస్తాదో, వచ్చే నెల ఆ చీర రవిక కూడా నీకే వస్తాది. ఫాల్ మాత్రం నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసినాకనే కుట్టు. లేకపోతే మొదటి ఉతుకుకే అది కుదించుకొని చీర అడుగంతా ముడతలు పడతాది, తిట్లు నీకు.

ఇది నేను ఊరికే తెలుసుకోలేదు. 1996లో నాగరాజుపేటలో మిషన్ పెట్టినప్పుడు నేనూ నీలాగే, పేపర్లలో ఐదొందల కరపత్రాలు పెట్టించినా. ఇరవై రెండు రోజులు ఒక్కరూ రాలేదు. ఒక సాయంత్రం దీపాల వేళ వెనక వీధి పిల్ల పరిగెత్తుకుంటా వచ్చింది. తెల్లవారితే వాళ్ళక్క పెళ్ళి, కొత్త రవిక చెయ్యి పైకెత్తితే చంకలో పట్టేస్తా ఉంది. విప్పి చూస్తే కుట్టినాయన లోపల గుడ్డ అర అంగుళం కూడా వదల్లేదు. ఇంక వదులు చేసేది యాడ? నడుం కాడ మడిచిన పట్టీలోంచి రెండు వేళ్ళ ముక్క తీసి, డైమండ్ ఆకారంలో కత్తిరించి, చంక కింద అతికించినా. దేవుడు ఆడోళ్ళ చంక కింద ఎవురూ చూడకుండా చేసినాడు, మన అదృష్టం. ఐదు రూపాయలు తీసుకున్నా. ఆ పెళ్ళికూతురు పెళ్ళిలో కనపడినోళ్ళందరికీ చెయ్యెత్తి చూపించిందంట. ఆ వారంలోనే ఆరు రవికలు వచ్చినాయి.

ఆ ఆరింటిలోనే ఒకటి చెడగొట్టుకున్నా కూడా. ఆనందంలో అన్నీ నాలుగు రోజుల్లో ఇస్తానని ఒప్పుకొని, ఒక పట్టు రవికకు లైనింగ్ నానబెట్టకుండా కుట్టేసినా. ఒక్కసారి తడిపితే లోపలి గుడ్డ కుదించుకొని పైన పట్టంతా బుడిపెలు బుడిపెలు. ఆమె షాపుకు వచ్చి నలుగురి ముందర మాట అనింది. ఊరంతా తిరిగి దగ్గర రంగు ముక్క కొని, మళ్ళీ కుట్టి, ఇంటికి పోయి ఇచ్చొచ్చినా. ఆమె మళ్ళీ నా గడప తొక్కలేదు. కానీ వాళ్ళ వదిన వచ్చింది, ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఇంక ఎవురైనా ఒక్కసారే నాలుగు గుడ్డలు తెస్తే, ఆశపడి నాలుగూ కత్తిరించొద్దు. "అక్కా, ముందు ఒకటి కుడతా, వేసుకొని ఒకరోజు తిరిగి చెప్పు, మిగిలినవి అప్పుడు" అను. కొలతలో తేడా ఉంటే ఒక్కదాంట్లోనే పోతాది. పైగా ఈ పిల్ల గుడ్డ మీద ఆశ లేనిది అనుకుంటారు. కొలతకని ఇచ్చే ఆది జాకెట్ తీసుకున్నప్పుడు దాంట్లో ఏది బాగలేదో అడుగు. ఆది అంటే బాగా పట్టిందని అందరూ అనుకుంటారు గానీ, సగం మంది ఉన్నవాటిలో పర్వాలేదనిపించేది తెస్తారు, మెడ జారతా ఉన్నా సరే. కత్తిరించగా మిగిలిన ముక్కలు, అంచుతో సహా, అదే కవర్లో పెట్టి ఇయ్యి. దర్జీలు గుడ్డ మిగిలించుకుంటారని ఎప్పటినుంచో మాట ఉంది. నువ్వు రెండంగుళాల ముక్క కూడా వెనక్కిస్తే నీ మంచి పేరు ఊరే మోసుకుపోతాది.

రేటు దించొద్దు అనేది ఏంటికంటే, తక్కువకని వచ్చిన మనిషి ఇంకా తక్కువ దొరికినరోజు పోతాది. రేపు నువ్వు పెంచితే తగాదా వేరే. పక్క షాపు రేటే తీసుకో, హుక్కులు మాత్రం తుప్పు పట్టనివి వేసి, చేతితో గట్టిగా కుట్టు.

మీ అత్త రవికలకు డబ్బు తీసుకో. కోపం వస్తే రానీ. ఊరికే కుడితే ఆమె బాగలేదని నీతో చెప్పలేదు, బాగుందని నలుగురికీ చెప్పదు. చుట్టాలను గిరాకీ లెక్కలో వేసుకోవద్దు, వాళ్ళు గిరాకీని తెచ్చేవాళ్ళు, అంతే.

గిరాకీ కోసం యాడికి పోవాలంటావా? ముందు మీ వీధి ఇస్త్రీ బండాయన కాడికి. ప్రతి ఇంటి బట్టలూ ఆయన చేతి మీదగానే పోతాయి. ఎవురి రవికకు కుట్లు ఊడినాయో మన కంటే ఆయనకే ముందు తెలుసు. ఆయన భార్యకు ఒక రవిక బాగా కుట్టిపెట్టు, దానికి మాత్రం డబ్బులు అడగొద్దు. తర్వాత డ్వాక్రా సంఘం మీటింగ్. పదీ పన్నెండు మంది ఒకే చోట కూర్చుంటారు, నువ్వు పోయి షాపు గురించి ఉపన్యాసం ఇయ్యొద్దు, నువ్వే కుట్టుకున్న మంచి రవిక వేసుకొని కూర్చో. ఎవురో ఒకరు వీపు మీద చెయ్యి పెట్టి "యాడ కుట్టించినావ్‌మ్మే" అంటారు. చీరలంగడి వాళ్ళల్లో సొంతంగా టైలర్ లేనోళ్ళు ఉంటారు, వాళ్ళతో మాట్లాడు. వాట్సాప్ స్టేటస్ పెట్టుకో, కాదనను, ఫోటో మాత్రం వేసుకున్నామెను అడిగి పెట్టు.

ఈ ఊళ్ళో గిరాకీని మన పండగలతోనే లెక్కేసుకోవద్దు. ఉగాది పొద్దున దేవుని కడపలో ముస్లిములు కూడా, వెంకటేశ్వరస్వామి పెళ్ళాడినాడని చెప్పుకునే తమ ఆడబిడ్డ బీబీ నాంచారమ్మను తలచుకొని స్వామి దర్శనానికి వస్తారు, పెద్ద దర్గా ఉరుసుకు మనమూ పోతాం. రంజాన్ ఏటేటా పోయిన ఏటికంటే పదీ పదకొండు రోజులు ముందే వస్తాది, క్యాలెండర్లో గుర్తు పెట్టుకో. ఆ నెల చుడీదార్ల పని బాగా ఉంటాది, నీకు అది నాకంటే బాగా వచ్చు.

లోను సంగతి మీ నాయన చెప్పినాడు. విశ్వకర్మ పథకంలో దర్జీలకు మొదటి విడత లక్ష దాకా, ఐదు శాతం వడ్డీకి ఇస్తారు, నిజమే. కానీ ఇప్పుడు ఉన్న మిషనే ఖాళీగా ఉంటే రెండోది కొని ఏం చేస్తావు? శ్రావణం దాటనీ.

శ్రావణం గురించే ఇంకో భయం నాకు. అప్పుడు గిరాకీ ఒక్కసారే వచ్చి మీద పడతాది. రోజుకు నీ చేతికి నిజంగా ఎన్ని లైనింగ్ రవికలు అవుతాయో ఈ వారం లెక్క చూసుకో. రెండంటే రెండే. వ్రతం పౌర్ణమికి ముందు శుక్రవారం వస్తాది, ఆ లెక్కన వెనక్కి పది రోజుల కాడ ఆర్డర్ల పుస్తకం మూసేయి. "ఇప్పుడు కాదక్కా, వ్రతం తర్వాత" అంటే కొంచెం ముఖం ముడుచుకుంటారు. వ్రతం పొద్దున తలస్నానం చేసి వచ్చి, రవిక ఇంకా మిషన్ మీదే ఉందని చూసిన మనిషి ముఖం నువ్వు చూడలేవు పాపా, నేను చూసినా.

వచ్చే బుధవారం ప్రొద్దుటూరు నుంచి పొద్దున బస్సుకు వస్తా. కత్తెర సాన పట్టించి పెట్టు, నీ కత్తెర పోయిన తూరి చూసినా, అంచులు నములుతా ఉంది. నా కాడ నాలుగు చీరలుండాయి ఫాల్ వేయాల్సినవి, తెస్తా. డబ్బు ఇచ్చే వేయించుకుంటా.

మీ పెద్దమ్మ