వయొలిన్ నేర్చుకుంటే చివరికి టీచరే అవుతుందా?

హైదరాబాద్ నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి పదో తరగతి, ఏడేళ్ళుగా వెస్టర్న్ వయొలిన్ నేర్చుకుంటోంది, ఎనిమిది గ్రేడ్‌ల పరీక్షల్లో గ్రేడ్ 6 అయిపోయింది, ఇప్పుడు జర్మనీ వెళ్ళి ఇదే చదువుతానని పట్టుబట్టింది. ఆయన టెన్షన్ ఏమిటంటే, "అంత ఖర్చు పెట్టి పంపితే చివరికి నలుగురు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కూర్చుంటే ఎలా?"

సార్, ఆ "చివరికి" అన్న మాట దగ్గరే నాకు పేచీ. మీ అమ్మాయి వెళ్తానంటున్న దేశంలోనే ఫెర్డినాండ్ డావిడ్ అని ఒక వయొలినిస్ట్ ఉండేవాడు. 1810లో హాంబర్గ్‌లో పుట్టాడు, పదమూడేళ్ళ వయసులో కాసెల్ అనే ఊరు వెళ్ళి ష్పోర్ అనే పేరున్న వయొలినిస్ట్ దగ్గర నేర్చుకున్నాడు (వయొలిన్‌కి గడ్డం ఆనించే చెక్క కనిపెట్టింది ఆ ష్పోరే). పదహారేళ్ళకే బెర్లిన్‌లో ఒక థియేటర్ ఆర్కెస్ట్రాలో ఉద్యోగం. సోలో స్టార్ కాదు, గుంపులో ఒకడు. 1829లో ఇప్పటి ఎస్టోనియాలోని టార్టూలో ఒక జమీందారు సొంతానికి పెట్టుకున్న క్వార్టెట్‌లో (నలుగురు వాద్యకారుల బృందం) చేరి కొన్నేళ్ళు అక్కడే వాయించాడు, తర్వాత ఆ జమీందారు గారి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు కూడా. 1836లో స్నేహితుడు, సంగీతకర్త మెండెల్సన్ నడిపిస్తున్న లైప్జిగ్ గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాలో కాన్సర్ట్‌మాస్టర్ అయ్యాడు, అంటే వయొలిన్ల ముందు వరసలో మొదటి కుర్చీ, మిగతావాళ్ళంతా ఆ విల్లునే చూసి వాయిస్తారు. 1843లో అదే ఊళ్ళో కన్జర్వేటరీ, అంటే సంగీత కళాశాల, పెట్టగానే అక్కడ టీచర్ అయ్యాడు. కుర్చీ వదల్లేదు, పాఠాలూ ఆపలేదు.

1838లో మెండెల్సన్ ఆయనకు ఉత్తరం రాశాడు, ఇ మైనర్‌లో ఒక వయొలిన్ కాన్సర్టో (ఒక సోలో వాద్యానికీ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసే రచన) మొదలు తలలో తిరుగుతోంది, మనశ్శాంతి లేకుండా చేస్తోందని. అది పూర్తవడానికి ఆరేళ్ళు పట్టింది, ఈలోగా ఇది వేళ్ళకు అందుతుందా, ఇలా వాయించడం కుదురుతుందా అని ఆయన్నే అడుగుతూ వచ్చాడు. మీ అమ్మాయిని ఆ కాన్సర్టో మొదటి భాగం రికార్డింగ్ పెట్టమనండి, వినండి. మధ్యలో వయొలిన్ ఒక్కటే మిగిలి, విల్లు నాలుగు తీగల మీదా ఎగురుతుంటే, అది ఆగకముందే ఆర్కెస్ట్రా మళ్ళీ మొదటి పాట అందుకుంటుంది, అక్కడ సోలో వయొలినే మిగతావాళ్ళకు తోడు వాయిస్తుంది. 1845 మార్చి 13న దాన్ని మొదటిసారి వాయించింది డావిడే, అప్పటికే రెండేళ్ళుగా క్లాసులు చెబుతున్న టీచరు! పన్నెండేళ్ళ వయసులో లైప్జిగ్ వచ్చి ఆయన దగ్గర మెరుగులు దిద్దుకున్న వయొలినిస్ట్ యోవాఖిమ్ తర్వాత బ్రామ్స్ అనే సంగీతకర్త రాసిన వయొలిన్ కాన్సర్టోను మొదట వాయించాడు. మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు మాత్రం? విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెబుతూనే కదా అంత పేరు తెచ్చుకున్నది.

కాబట్టి టీచర్ అవుతుందేమోనన్న భయం వదిలేయండి, అసలు భయపడాల్సింది ఆడిషన్‌కి. లైప్జిగ్‌లో ఆ కన్జర్వేటరీ ఇప్పటికీ ఉంది, మెండెల్సన్ పేరుతోనే. ఇలాంటి చోట్ల సీటు తేలేది మార్కుల మీద కాదు, జ్యూరీ ముందు వాయించిన ఆ కొద్ది నిమిషాల మీద. గ్రేడ్ 6 బాగానే ఉంది కానీ అక్కడికి ఇంకా చాలా దూరం, ఈ మాట దాచను. జర్మన్ భాష కూడా కావాలి, ఇప్పుడే క్లాసులో చేర్చండి. ఇంటర్ మానేయొద్దు, మామూలుగానే చదవనివ్వండి.

ఇంకో పని. అమ్మాయి ఇంతవరకు ఒంటరిగానే వాయించిందనుకుంటా, ఎవరైనా ఇద్దరు ముగ్గురితో కలిసి వాయించే చోట చేర్చండి, వారానికి ఒక చిన్నపిల్లకు విల్లు పట్టుకోవడం నేర్పమనండి. ఆరు నెలలు చూసి, బాఖ్ ఒంటరి వయొలిన్‌కి రాసిన సోలో ఏదైనా ఒకటి ఎడిటింగ్ లేకుండా ఫోన్‌లో రికార్డ్ చేసి, జర్మనీలో చదివొచ్చిన వాళ్ళెవరికైనా వినిపించండి. వాళ్ళేమన్నారో నాకు రాయండి, ఖర్చుల లెక్క అప్పుడు వేద్దాం.