2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్ వేస్తే బాగుంటుంది?

మీ నాన్నగారి 2010 నాటి ల్యాప్‌టాప్‌లో 2 జీబీ ర్యామ్, విండోస్ 7 ఉన్నాయని, ఇంటర్ చదువుతున్న తమ్ముడికి పీడీఎఫ్‌లు, యూట్యూబ్ పాఠాల కోసం విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేద్దామనుకుంటున్నానని రాశారు. దాదాపు అలాంటిదే మా ఇంట్లో కూడా ఉంది. పెంటియం టీ4500, 2 జీబీ ర్యామ్. మా అమ్మ రోజూ దాంట్లోనే పేపర్లు చదువుతుంది, ప్రవచనాలు వింటుంది.

ఏ లినక్స్ అన్నది తర్వాత చూద్దాం. నేను రెండు వారాల పాటు లుబుంటు, ఎంఎక్స్, యాంటిఎక్స్ అనే లినక్స్ రకాలను వరసగా వేసి చూశాను. ఏది వేసినా బ్రౌజర్ తెరుచుకోవడానికి నిమిషం పైనే పట్టేది. అసలు ఇబ్బంది పాత హార్డ్ డిస్క్‌తో అని ఆలస్యంగా తెలిసింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 120 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ చోటులోనే పట్టే, దానికన్నా చాలా వేగమైన డిస్క్) కొని పెట్టాక, అదే ల్యాప్‌టాప్ అరనిమిషంలో లేచి కూర్చుంది. అందుకే మీరు పెట్టే మొదటి రూపాయి ఎస్ఎస్‌డీకే పెట్టండి. ఇంకా డబ్బులుంటే ర్యామ్ 4 జీబీ చేయండి. కొనడానికి వెళ్లేటప్పుడు లోపలున్న ర్యామ్ విప్పి చేత్తో పట్టుకెళ్లండి. ఆ కాలం ల్యాప్‌టాప్‌లు కొన్నిటికి డీడీఆర్2, కొన్నిటికి డీడీఆర్3 వస్తాయి, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

చివరికి నేను ఉంచుకున్నది డెబియన్ 12 అనే లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గ్నోమ్ అనే బరువైన డెస్క్‌టాప్ దగ్గర టిక్ తీసేసి ఎక్స్‌ఎఫ్‌సీఈ దగ్గర పెట్టండి. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడిగిన చోట ఖాళీగా వదిలేయండి, అప్పుడే మీ యూజర్‌కి సుడో అధికారం, అంటే సిస్టమ్‌లో మార్పులు చేసే అధికారం వస్తుంది. మీది ఆటమ్ ఎన్270 లాంటి, 64 బిట్ సిస్టమ్‌లు నడవని 32 బిట్ ప్రాసెసర్ అయితే మాత్రం దారి వేరు. లుబుంటు 18.10 వెర్షన్ తర్వాత 32 బిట్ ఆపేసింది, డెబియన్ 13కి కూడా 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి దానికి యాంటిఎక్స్ 23 బాగా నడుస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక మాకు వైఫై రాలేదు. మా వైఫై కార్డును నడిపే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రామ్ నెట్ నుంచి విడిగా దించుకోవాలి, నెట్ రావాలంటే ఆ ఫర్మ్‌వేరే కావాలి! ఆ సాయంత్రమంతా చాలా టెన్షన్ పడ్డాను. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెదరింగ్ ఆన్ చేస్తే వెంటనే నెట్ వచ్చింది, పది నిమిషాల్లో పని అయిపోయింది. ఇన్‌స్టాల్ చేయకముందే లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా లినక్స్ నడిపేది) బూట్ చేసి వైఫై, సౌండ్, మూత వేసి తీస్తే స్క్రీన్ మళ్లీ రావడం, ఈ మూడూ చూసుకోండి.

2 జీబీలో ఎక్కువ తినేది బ్రౌజరే. జడ్‌ర్యామ్ పెట్టుకోండి, అది మెమరీలోని డేటాను కుదించి చోటు మిగులుస్తుంది. యూట్యూబ్‌కి హెచ్264ఇఫై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేయండి, దాంతో యూట్యూబ్ తేలికైన హెచ్264 రకం వీడియో పంపుతుంది. యూట్యూబ్ మామూలుగా పంపే వీపీ9 రకం వీడియో పాత ప్రాసెసర్లకు చాలా బరువు. ఇది వేశాక మా దాంట్లో 480పీ ఆగకుండా నడుస్తోంది. తమ్ముడికి మూడు ట్యాబ్‌లు దాటొద్దని చెప్పండి.

తెలుగు గురించి భయం అక్కర్లేదు. ప్యాకేజీల్లో తెలుగు ఫాంట్లు ఉంటాయి, పోతన, వేమన కూడా. టైప్ చేయడానికి ఐబస్ అనే ప్రోగ్రామ్, దాంతో పాటు ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ రెండూ దొరుకుతాయి. మా అమ్మ ఆర్‌టీఎస్‌తో పిన్నికి మెయిళ్లు రాస్తోంది.

పాత హార్డ్ డిస్క్‌ని మాత్రం ఫార్మాట్ చేయకండి. చిన్న యూఎస్‌బీ కేస్ కొని అందులో పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. మా నాన్నగారు తీసిన ఫొటోలన్నీ అందులోనే దొరికాయి.