మ్యాథమెటికల్ బయాలజీలో పీహెచ్‌డీ చేసినవాళ్ళు హైదరాబాద్‌లో ఏ డిపార్ట్‌మెంట్‌కి అప్లై చెయ్యాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. కణితి పెరుగుదలకు గణిత నమూనాలు కట్టి పీహెచ్‌డీ చేశారు, బయట రెండేళ్ళ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) కూడా అయింది. అమ్మానాన్నలు కూకట్‌పల్లిలో ఉంటారు కాబట్టి ఇక్కడికే వచ్చెయ్యాలని ఉంది. మ్యాథ్స్ వాళ్ళేమో "ఇది బయాలజీ కదా" అంటున్నారు, బయాలజీ వాళ్ళేమో "ఇది మ్యాథ్స్ కదా" అంటున్నారు. ఎవరికి అప్లై చెయ్యాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు?

ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయితే మ్యాథ్స్‌కే వెయ్యండి. ఇంకేం ఆలోచించక్కర్లేదు.

నాదీ ఇదే కథ. డెంగ్యూ వ్యాప్తి మీద పనిచేసి 2015లో తిరిగి వచ్చాను. మొదటి ఏడాది ఐదు చోట్ల అప్లై చేస్తే ఒక్కచోటే ఇంటర్వ్యూకి పిలిచారు, అదీ పోయింది. ఇప్పుడు సిటీలోనే ఒక గణిత విభాగంలో పాఠాలు చెబుతున్నాను. షార్ట్‌లిస్టింగ్ కమిటీలో మూడుసార్లు కూర్చున్నాను. నేను చేసిన తప్పులేంటో బల్లకి ఇటువైపు కూర్చున్నాకే తెలిసింది.

మొదటిది: మీ అప్లికేషన్ ముందుగా చూసేది గణితం తెలిసినవాళ్ళు కాదు, ఆఫీసు సెక్షన్ వాళ్ళు. ఒకచోట (పేరు చెప్పను) నన్ను స్క్రీనింగ్‌లోనే తీసేశారు. కారణం, నా ఎమ్మెస్సీ పట్టాలో "అప్లైడ్ మ్యాథమెటిక్స్" అని ఉంది, నోటిఫికేషన్‌లో "మ్యాథమెటిక్స్" అని ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు చాలని స్పష్టంగానే ఉంది. కానీ ఏది అనుబంధమో సెక్షన్‌లో ఫైలు చూసే మనిషి చేతిలో పని. నేను చదివిన యూనివర్సిటీ నుంచి ఆ రెండూ ఒకటేనని ఒక ఉత్తరం తెచ్చుకునేసరికి గడువు దాటిపోయింది. మీకు అలాంటి పట్టా ఉంటే ఆ కాగితం ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి.

అదే నిబంధనల్లో మార్కుల పట్టిక ఒకటుంది. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి షార్ట్‌లిస్ట్ చేసేటప్పుడు పీహెచ్‌డీకి 30, పీజీలో 80 శాతం దాటితే 25, డిగ్రీలో 80 దాటితే 15. పేపరుకి 2 చొప్పున గరిష్ఠంగా 10, బోధన లేదా పోస్ట్‌డాక్ ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10. అంటే పదిహేను పేపర్లున్నా మీకొచ్చేది పదే. ఎప్పుడో డిగ్రీలో 58 శాతం తెచ్చుకున్నవాళ్ళకి అక్కడ ఐదు మార్కులు తగ్గుతాయి, దాన్ని ఇప్పుడు ఏ పేపరూ పూడ్చలేదు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది. కాకపోతే ఆ మార్కులు ఇంటర్వ్యూకి పిలిచేవరకే, ఎంపిక మాత్రం ఇంటర్వ్యూని బట్టే. 2025 జనవరిలో కొత్త ముసాయిదా కూడా వచ్చింది కాబట్టి మీరు వేసే నోటిఫికేషన్ ఏ నిబంధనల కింద ఇచ్చారో చూసుకోండి. రిజర్వేషన్ రోస్టర్ కూడా చూసుకోండి. మ్యాథ్స్‌లో ఉన్న ఒక్క పోస్టూ ఆ సారి మీ కేటగిరీది కాకపోవచ్చు.

ఐఐటీ హైదరాబాద్ తీరు వేరు. దాని కంది క్యాంపస్‌లో ఈ పట్టిక లెక్కలు ఉండవు, మీ పని, సిఫారసు ఉత్తరాలు, సెమినార్ చూస్తారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ 1కి పీహెచ్‌డీ తర్వాత మూడేళ్ళ అనుభవం కావాలి. మీకు రెండేళ్ళే కాబట్టి గ్రేడ్ 2లో చూస్తారు, లేదంటే ఇంకో ఏడాది ఆగాలి. గ్రేడ్ 1 మూలవేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది, సెంట్రల్ యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 57,700 దగ్గర. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ, శామీర్‌పేట దగ్గర బిట్స్, బహదూర్‌పల్లిలో మహీంద్రా యూనివర్సిటీ, ఇవన్నీ మీ లిస్టులో ఉండాల్సినవే. రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టుల కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకుని ఉన్నారు, దాన్నే నమ్ముకుని బయటి ఉద్యోగం మానెయ్యకండి.

ఇక అసలు విషయం, ఇంటర్వ్యూ. ప్యానెల్‌లో మీ సబ్జెక్టు మనిషి ఉంటాడని ఆశపడొద్దు. నాకు ఎదురుగా ఒక ఆల్జీబ్రా ఆయన, ఒక ఫంక్షనల్ అనాలిసిస్ ఆవిడ, ఒక స్టాటిస్టిక్స్ ఆయన. నేను దోమల స్లైడ్లు ఇరవై తిప్పాను. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "బనాక్ ఫిక్స్‌డ్ పాయింట్ సిద్ధాంతం చెప్పండి. మీ పనిలో అది ఎక్కడుంది?" సిద్ధాంతం చెప్పాను. రెండోదానికి నోరు పెగల్లేదు. నా సమీకరణాలకి పరిష్కారం ఉందనీ, ఒక్కటే ఉందనీ థీసిస్ మొదటి అధ్యాయంలో నేను రాసిన రుజువు నిలబడింది దాని మీదే! బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది.

ఆవిడ నన్ను ఇరికించాలని అడగలేదని ఇప్పుడు తెలుసు. డిపార్ట్‌మెంట్‌కి కావలసింది రియల్ అనాలిసిస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, న్యూమరికల్ అనాలిసిస్ చెప్పగలిగే మనిషి. కణితులా, దోమలా అన్నది తర్వాతి మాట. వచ్చే సెమిస్టర్‌లో ఎమ్మెస్సీ వాళ్ళకి ఎవరు క్లాసు తీసుకుంటారన్నదే అక్కడున్నవాళ్ళ టెన్షన్.

కమిటీలో కూర్చున్నప్పుడు మరోటి చూశాను. అంటువ్యాధి నమూనాల మీద వచ్చే అప్లికేషన్లలో చాలావరకు పేపర్లన్నీ ఒకే అచ్చు. పాత నమూనాకి ఇంకో పెట్టె (అంటే జనాభాలో ఇంకో వర్గం) తగిలించడం, పరిష్కారాలు ధనాత్మకమని చూపడం, ఆర్ నాట్ (ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి సోకుతుందో చెప్పే సంఖ్య) లెక్కగట్టడం, స్థిరత్వం రుజువు చెయ్యడం, చివర మ్యాట్‌ల్యాబ్‌లో నాలుగు గ్రాఫులు. పది పేపర్లు చదివితే ఒకటి చదివినట్టే. "ఆ పెట్టె ఎందుకు కలిపారు, కలపకపోతే ఏ ప్రశ్నకి జవాబు రాదు?" అని అడిగితే జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. నేనూ అలాంటివి రెండు రాశాను లెండి.

ఈ విషయంలో మీరు అదృష్టవంతులు. కణితి పెరిగేకొద్దీ దాని అంచు కదులుతుంది, అంటే సరిహద్దు కూడా తెలియని పాక్షిక అవకలన సమీకరణాలు. అందులో అనాలిసిస్ వాళ్ళకీ పని ఉంది, కంప్యుటేషన్ వాళ్ళకీ ఉంది. అందుకే కంప్యుటేషనల్ మ్యాథమెటిక్స్ అని పోస్టు పడినా వెయ్యండి. గణిత వ్యాసాల అంతర్జాతీయ వర్గీకరణలో 92 జీవశాస్త్రానిది, 65 న్యూమరికల్ అనాలిసిస్‌ది. మీ పేపర్లలో ఒక్కదానికైనా 65 ఉంటే దాన్ని పైన కనబడేలా పెట్టండి. కానీ "రెడీగా ఉన్న సాల్వర్ (సమీకరణాలు పరిష్కరించే సాఫ్ట్‌వేర్) వాడాను" అని ఊరుకుంటే దొరికిపోతారు. సమీకరణాలు స్టిఫ్ అయితే, అంటే ఒక భాగం చాలా వేగంగా, ఇంకోటి నెమ్మదిగా మారేవయితే, ఏమవుతుందని తప్పకుండా అడుగుతారు. మామూలు ఎక్స్‌ప్లిసిట్ పద్ధతిలో (ఇప్పటి విలువతోనే తర్వాతి విలువ కట్టేది) కచ్చితత్వం కోసం అవసరం లేకపోయినా, లెక్క పేలిపోకుండా ఉండడానికే కాలంలో వేసే అడుగు చాలా చిన్నది చెయ్యాల్సొస్తుందని బోర్డు మీద ఒక్క సమీకరణంతో చూపించగలగాలి. ల్యాప్‌టాప్ తెరవకుండా.

రెండోసారి ఇంటర్వ్యూకి నేను స్లైడ్లు ఆరుకి తగ్గించి, మన ఊరితోనే మొదలుపెట్టాను. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లోనే, ఆ భవనం ఇప్పటికీ బేగంపేటలో ఉంది. ఆయన తర్వాత లెక్కలు కూడా వేశాడు: దోమల్ని పూర్తిగా నిర్మూలించక్కర్లేదు, సంఖ్య ఒక హద్దుకి కింద ఉంచితే చాలు, మలేరియా తగ్గిపోతుందని. ఆ హద్దు ఎక్కడినుంచి వస్తుందో బోర్డు మీద రాబట్టాను. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని "ఆ రెండో పదం మళ్ళీ చెప్పండి" అన్నారు. ఆ ఉద్యోగమే ఇప్పుడు చేస్తున్నది.

"డేటా ఎక్కడిది?" అని కూడా అడుగుతారు. ఇక్కడి బయాలజిస్టు ఒక్కరితోనైనా ముందే మాట్లాడి ఉండండి. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన జరిగే సీసీఎంబీ లాంటి చోటికి ఒక సెమినార్ ఇస్తానని మెయిల్ పెడితే పోయేదేం లేదు. ఉద్యోగం గచ్చిబౌలి వైపు వస్తే రాయదుర్గం నుంచి హబ్సిగూడకి మెట్రో నేరుగా ఉంది, కంది నుంచయితే ఆ రోజంతా దానికే రాసిచ్చెయ్యాలి.

మీ ఎమ్మెస్సీ ఏ సబ్జెక్టో మీరు రాయలేదు. అది బయోటెక్నాలజీయో ఫిజిక్సో అయితే మ్యాథ్స్‌కే వెయ్యమని నేను మొదట్లో చెప్పిన మాట చెల్లదు. మ్యాథ్స్ స్క్రీనింగ్‌లో మీ ఫైలు ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు గచ్చిబౌలి ఐఐఐటీలో కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్, బయోఇన్ఫర్మాటిక్స్ కలిపి నడిపే సెంటర్ ఉంది, ముందు అటు చూడండి. ఏ సబ్జెక్టో కింద రాస్తే దాన్నిబట్టి మళ్ళీ చెబుతాను.