అమ్మ చీర కత్తిరించానని అక్క మాట్లాడటం లేదు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పాత చీరలతో బొంతలు కుట్టడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పన్నెండేళ్లుగా అడిగినవారికి కుట్టి ఇస్తున్నాను. రెండేళ్ల నుంచి ఆర్డర్లు తగ్గించి, నా మనసులోని దృశ్యాలను గుడ్డముక్కలతో గోడకు తగిలించే బొమ్మలుగా కుడుతున్నాను. అమ్మ పోయాక ఆమె వెంకటగిరి చీరతో మా పెరటి బావిని కుట్టాను. అక్క చూసి, ‘అమ్మ చీరను ముక్కలు చేశావా’ అని ఏడుస్తూ వెళ్లిపోయింది. మూడు నెలలుగా మాటల్లేవు. ‘బొంతైతే కప్పుకుంటారు, దీన్నేం చేసుకుంటారు?’ అంటారు మావారు. మళ్లీ బొంతలే కుట్టుకోవాలా?

జవాబు: ముందు అక్కగారి సంగతి. ఆ చీర మీ ఇద్దరిదీ. మీరు అడగకుండా కత్తెర పెట్టారు. అమ్మ ఉన్న రోజుల్లో ఆవిడే ఎన్నో చీరలు చింపి బొంతలు కుట్టి ఉంటారు, అప్పుడు ఎవరికీ గుండె కలుక్కుమనలేదు. ఇప్పుడు అమ్మ లేరు, చీరే మిగిలింది. అక్కగారి దగ్గరకు వెళ్లినప్పుడు మీ కళ గురించి వివరించకండి. ‘నిన్ను అడగకుండా కత్తిరించాను, తప్పు నాదే’ అనండి. చీరలో మిగిలిన భాగం ఉంటే ఆమె చేతికివ్వండి. ఆ బావి దగ్గర అమ్మను తలచుకుంటే ఆమెకు ఏం గుర్తొస్తుందో అడిగి, వినండి.

బొంతలు వదిలేస్తే అమ్మను వదిలేసినట్లేనన్న భయం మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టిన చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ తన మొదటి బొంతను 1980లో తల్లితో కలిసి చేశారు. తల్లి దుస్తులు రూపొందించే కళాకారిణి. మరుసటి ఏడాదే ఆమె కన్నుమూశారు. రింగ్‌గోల్డ్ ఆ పని ఆపలేదు. 1983 నుంచి బొమ్మా కథా కలిసిన బొంతలు చేశారు. వేసవి రాత్రి డాబా మీద చేరిన కుటుంబాన్ని చూపే ఆమె 1988 నాటి బొంత ఇప్పుడు గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఉంది. తల్లి నేర్పిన కుట్టు అందులోనూ ఉంది. మీ బావి బొమ్మలోనూ ఉంది.

మీవారి ప్రశ్న వెనుక ఇంటి ఖర్చుల బెంగ ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ బైబిల్ కథలను గుడ్డముక్కలతో ఒక బొంత మీద కుట్టారు. 1886లో ఒకామె కొంటానంటే ఇవ్వలేదు. తరువాత చేతిలో డబ్బు లేక తనే అమ్మజూపారు. పది డాలర్లు అడిగితే వచ్చినవి ఐదు. అమ్మాక కూడా దాన్ని చూసుకోవడానికి మళ్లీ మళ్లీ వెళ్లేవారట. ఇప్పుడది అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆమెకు వచ్చిన ఇబ్బంది మీకు రాకూడదు. బొంతల మీద నెలకు ఎంత రావాలో మీవారితో కూర్చుని లెక్క వేయండి. ఆ మేరకు ఆర్డర్లు ఉంచుకోండి. వారంలో రెండు రోజులు మాత్రం మీ బొమ్మలవే, ఆ రోజుల్లో ఎవరి తొందర పనీ ఒప్పుకోకండి.

బావి బొమ్మను ఇప్పట్లో ఎవరు అడిగినా అమ్మకండి. అక్కగారు దాన్ని మరోసారి చూడాలి.