బేస్‌బాల్‌లో టై ఉండదు, తేలేదాకా ఆడతారంటారు కదా, మరి 2002 ఆల్-స్టార్ గేమ్‌ని (అమెరికాలో రెండు లీగ్‌ల మేటి ఆటగాళ్ళు ఆడే ఎగ్జిబిషన్ మ్యాచ్) 7-7 దగ్గర ఎందుకు ఆపేశారు?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, అయిపోయారు.

అప్పట్లో నేను మిల్వాకీలో కాంట్రాక్ట్ ఉద్యోగంలో ఉండేవాణ్ణి. మ్యాచ్ జరిగింది ఆ ఊళ్ళోనే, మిల్లర్ పార్క్‌లో, జులై 9న. టికెట్ కొనే స్తోమత లేదు. ఆఫీసులో పక్క సీటతను పిలిస్తే నేనూ మా రూమ్మేటూ వాళ్ళింటికెళ్ళి టీవీలో చూశాం.

వాళ్ళ నాన్నగారు ఒళ్ళో అట్ట పెట్టుకుని స్కోర్ షీట్ నింపుతున్నారు. బ్యాటర్ మూడు స్ట్రైక్‌లకి అవుటైతే గడిలో 'కె' రాస్తారు. బ్యాట్ కదపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తారు. అది చూపించి నాకు ఆట నేర్పింది ఆయనే.

మొదటి ఇన్నింగ్స్‌లోనే బ్యారీ బాండ్స్ కొట్టిన బంతి గోడ దాటేసింది అనుకున్నాం. టోరీ హంటర్ ఎగిరి, చెయ్యి గోడవతలికి చాచి పట్టేశాడు. మన భాషలో బౌండరీ దగ్గర సిక్స్‌ని క్యాచ్‌గా మార్చడం అన్నమాట. బాండ్స్ నవ్వుతూ ఎదురెళ్ళి హంటర్‌ని అమాంతం భుజానికెత్తుకున్నాడు. మూడో ఇన్నింగ్స్‌లో ఇంకోటి కొట్టాడు, అది మాత్రం ఎవరికీ అందలేదు.

ఇక అసలు సంగతి. బేస్‌బాల్‌లో ఒకసారి బయటికొచ్చిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్ళీ దిగడానికి వీల్లేదు. ఆల్-స్టార్ గేమ్ ఏమో పెళ్ళి భోజనం లాంటిది, పిలిచిన వాళ్ళందరికీ వడ్డించాలి. ఒక్కో జట్టులో 30 మంది. రెండు జట్ల మేనేజర్లు జో టోరీ, బాబ్ బ్రెన్లీ ఇద్దరూ అందర్నీ ఆడించేశారు. మామూలు తొమ్మిదీ దాటి పదకొండో ఇన్నింగ్స్ వచ్చేసరికి జట్టుకి ఒక్క పిచరే మిగిలాడు: ఫ్రెడ్డీ గార్సియా, విసెంటే పడియా. ఇద్దరూ అప్పటికే రెండో ఇన్నింగ్స్ వేస్తున్నారు. ఇద్దరూ ఈ మేనేజర్ల సొంత క్లబ్బుల వాళ్ళు కాదు. ఎగ్జిబిషన్ మ్యాచ్ కోసం వాళ్ళ చెయ్యి పాడైతే ఎవరు జవాబు చెప్తారు?

మేనేజర్లు వెళ్ళి బేస్‌బాల్ పెద్ద, కమిషనర్ బడ్ సీలిగ్‌తో మాట్లాడారు. ఆయనది ఆ ఊరే, పాపం. ఈ ఇన్నింగ్స్‌లో నేషనల్ లీగ్ జట్టు రన్ చెయ్యకపోతే ఆట ముగిసినట్టేనని మైకులో చెప్పగానే స్టేడియం అంతా గోల. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డుకి అప్పుడే పాతతరం దిగ్గజం టెడ్ విలియమ్స్ పేరు పెట్టారు, ఆయన నాలుగు రోజుల ముందే పోయారు. ఆ అవార్డు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

"ఇదేంట్రా, గల్లీ క్రికెట్‌లో చీకటి పడిందని స్టంపులు పీకేసినట్టు!" అన్నాడు మా రూమ్మేట్. పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు. చివరి వికెట్ లాంటి ఆ స్ట్రైకవుట్‌కి కె రాసి, గెలిచిన పిచర్ పేరు రాసే చోట పెన్సిల్ పెట్టి, కాసేపు ఆగి, అలాగే వదిలేశారు.

జనం కోపానికి టై ఒక్కటే కారణం కాదు. ఆ ఎండాకాలం ఆటగాళ్ళు సమ్మెకి దిగుతారేమోనన్న టెన్షన్ నడుస్తోంది. 1994 సమ్మెలో వరల్డ్ సిరీసే, అంటే సీజన్ ఆఖరి ఫైనలే, రద్దయింది, ఆ మంట ఇంకా చల్లారలేదు. నిజానికి 1961లో బోస్టన్‌లో కూడా ఒక ఆల్-స్టార్ గేమ్ 1-1 దగ్గర ఆగింది. కానీ అది వాన వల్ల. వానని ఎవరు తిడతారు?

నన్నడిగితే టై కన్నా దానికి వేసిన మందే ఘోరం. 2003 నుంచి 2016 దాకా, ఆల్-స్టార్ గేమ్ గెలిచిన లీగ్‌కే వరల్డ్ సిరీస్‌లో సొంత మైదానం అనుకూలత ఇచ్చారు. పెళ్ళి భోజనంలో ఉప్పు తక్కువైందని కట్నంలో కోత పెట్టినట్టుంది. 2017 నుంచి తీసేశారు, బతికిపోయాం.

ఇప్పుడైతే తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సమానంగా ఉంటే సూపర్ ఓవర్ లాంటిదే: ఒక్కో జట్టుకి ముగ్గురు బ్యాటర్లు, తలా మూడు ఊపులు, ఎవరివి ఎక్కువ హోమ్ రన్‌లైతే (మన సిక్స్ లాంటివి) వాళ్ళదే. 2025 జులైలో అట్లాంటాలో 6-6 అయినప్పుడు మొదటిసారి వాడారు. కైల్ ష్వార్బర్ మూడింటికి మూడూ కొట్టేశాడు, నేషనల్ లీగ్ గెలిచింది. అసలు మ్యాచ్‌లో అతనికి ఒక్క హిట్ కూడా లేదు, అయినా ఉత్తమ ఆటగాడు అతనే! ఆ మూడు హోమ్ రన్‌లూ రికార్డుల్లో అతని లెక్కలోకి రావు. అవి రాసుకోవడానికి పెద్దాయన షీట్‌లో గడే లేదు.