కాంపోజిట్ మెటీరియల్స్‌లో పీహెచ్‌డీకి సిములేషన్ వస్తే చాలదా?

ప్రశ్న: ఎంటెక్ పూర్తి కావస్తోంది. కాంపోజిట్ మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. సిములేషన్ బాగా వచ్చు, ల్యాబ్ పని మాత్రం పెద్దగా చేయలేదు. అది తప్పనిసరా? నానో పదార్థాలు కలిపే టాపిక్ తీసుకుంటే పేపర్లు త్వరగా వస్తాయంటున్నారు, నిజమేనా?

జవాబు:

రెండో ప్రశ్న ముందు. నిజమే, త్వరగానే వస్తాయి. నాకూ ఒకటి వచ్చేసేదే. ఆ సంగతి చెప్తే మొదటి ప్రశ్నకి కూడా జవాబు దొరకొచ్చు. దొరక్కపోతే నన్ను తిట్టుకోకండి, ఇది ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని చాలా రోజులుగా ఉంది.

పీహెచ్‌డీ రెండో ఏడు. కార్బన్ ఫైబర్ పొరల మధ్య కార్బన్ నానోట్యూబులు, అంటే కంటికి కనిపించనంత సన్నటి కార్బన్ గొట్టాలు, చల్లితే, ఆ పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడిపోకుండా ఎంతవరకు ఆపుతాయో చూడటం నా పని. కార్బన్ ఫైబర్ పోగు మందం 7 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే తలవెంట్రుకలో పదోవంతు. పోగు పొడవునా లాగితే దాని బలానికి తిరుగులేదు. పోగులన్నీ ఒకే దిశలో ఉన్న పలక పొడవు దిశలో 1500 మెగాపాస్కల్స్ (బలానికి కొలత) పైనే తట్టుకుంటుంది. అదే పలకని అడ్డంగా లాగి చూడండి, 50 దగ్గరే చేతులెత్తేస్తుంది. కాంపోజిట్ అంటే పోగులూ, వాటిని అంటిపెట్టి ఉంచే రెసిన్ అనే జిగురూ కదా, అటువైపు పోగులు చేసేదేమీ లేదు, భారమంతా రెసిన్‌దే. పొరకీ పొరకీ మధ్య కూడా ఇదే కథ. విమానం రెక్క మీద చేతిలోని రెంచి జారి పడితే పైన గీత కూడా కనబడకపోవచ్చు, లోపల మాత్రం పొరలు పుస్తకంలో పేజీల్లా విడిపోయి ఉండొచ్చు. “స్టీలు కంటే ఐదు రెట్లు బలం” అని పోస్టులు పెట్టేవాళ్ళు ఏ దిశలో అన్నది మాత్రం చెప్పరు. ఎప్పుడు చూసినా నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, నేను చేసిన పలకల, అంటే ప్లేట్ల, సంగతి. మేం వాడింది ప్రీప్రెగ్. అంటే ఫైబర్‌కి ముందే రెసిన్ పట్టించి, చుట్టలా చుట్టి పంపుతారు. దాన్ని మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంచాలి, లేకపోతే రెసిన్ తనంతట తానే గట్టిపడటం మొదలుపెడుతుంది. బయటికి తీశాక సంచి సీలు విప్పకుండా, చుట్ట లోపలి దాకా గది వేడికి వచ్చేవరకు ఆగాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టు, చల్లటి ప్రీప్రెగ్‌కి గాలిలోని తేమ పట్టేస్తుంది. ఇదంతా నాకు తెలుసు. ట్రైనింగ్‌లో చెప్పారు, సంతకం కూడా పెట్టించుకున్నారు.

కానీ ఆ రోజు ఓవెన్ నాకు మధ్యాహ్నం మూడింటి నుంచే ఇచ్చారు, రాత్రికి ఖాళీ చేయాలి. గంట ఆగి సంచి కోసేశాను. షీటు మీద సన్నగా మంచు పొగలాంటిది పట్టింది. టిష్యూ పేపర్ తీసుకుని తుడిచాను. తుడిచాను కాబట్టి పోయిందనుకున్నాను. పదహారు పొరలు పేర్చి, నాలుగు పొరలకోసారి వాక్యూమ్ కింద నొక్కి, గాలి లాగేసే వాక్యూమ్ బ్యాగు వేసి, ఓవెన్‌లో 120 డిగ్రీల్లో పెట్టి ఇంటికెళ్ళిపోయాను. మర్నాడు విప్పితే నల్లటి అద్దంలా మెరిసిపోతోంది ప్లేటు. అందులో నా మొహం చూసుకుని ఫొటో కూడా తీసుకున్నాను. నానోట్యూబులు లేని మామూలు ప్లేటు అది, అంటే కంట్రోల్.

తర్వాతి రెండు వారాల్లో నానోట్యూబుల ప్లేట్లు చేశాను. వాటిని ఆల్కహాల్‌లో కలిపి, అల్ట్రాసౌండ్‌తో విడగొట్టి, ప్రతి పొర మీదా స్ప్రే చేయాలి. ఆ ఆల్కహాల్ పూర్తిగా ఆరిపోవాలి కదా, అందుకని షీట్లని రాత్రంతా వాక్యూమ్ ఓవెన్‌లో, రెసిన్ గట్టిపడనంత తక్కువ వేడిలో ఆరబెట్టి, ఆ తర్వాతే పేర్చేదాన్ని. ఈ ముక్క గుర్తుంచుకోండి.

టెస్టింగ్‌కి చిన్న చిన్న ముక్కలు కోసి, రెండు ఊతల మీద ఆనించి మధ్యలో నొక్కుతారు. ఊతల మధ్య దూరం బాగా తక్కువ కాబట్టి ముక్క వంగి విరగకుండా పొరల మధ్య జారి పగులుతుంది. షార్ట్ బీమ్ టెస్ట్ అంటారు. కంట్రోల్‌కి సగటున 66 మెగాపాస్కల్స్ వచ్చింది. నానోట్యూబుల ప్లేట్లకి 81. అంటే దాదాపు 23 శాతం పెరుగుదల!

ఆ వారం నేను నేల మీద నడవలేదు. గైడ్‌గారు అంతకు ముందు కారిడార్‌లో ఎదురుపడితే తలాడించి వెళ్ళిపోయేవారు, ఆ తర్వాత ఆగి మాట్లాడటం మొదలుపెట్టారు. కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపేశాం. నేనైతే ఒక బొమ్మ కూడా వేశాను, నానోట్యూబులు రెండు పొరల్నీ సూదీ దారంతో కుట్టేస్తున్నట్టు. రంగులు, బాణాలు, నీడలు. ఆ బొమ్మ మీద నాలుగు రోజులు కూర్చున్నాను. ముక్కని పాలిష్ చేసి మైక్రోస్కోప్ కింద పెట్టడానికి ఒక్క పూట చాలు, అది మాత్రం చేయలేదు.

మా ల్యాబ్‌లో ఒక టెక్నీషియన్ ఉండేవారు, రిటైర్మెంట్‌కి దగ్గర్లో ఉన్న పెద్దాయన. పేపర్లు రాయరు, కాన్ఫరెన్సులకి వెళ్ళరు. ప్రింటర్ దగ్గర నా గ్రాఫ్ చూసి ఆగారు.

“ఏమ్మా, ఈ 66 ఏంటి?”

“కంట్రోల్ సార్.”

“కంట్రోల్ అయితే? ఈ రెసిన్‌కి 80కి తక్కువ రాకూడదే.”

“అది నానోట్యూబులు లేని ప్లేటు కదా సార్.”

“నానోట్యూబులు పుట్టకముందు నుంచీ వస్తోందమ్మా 80. కోసి చూశావా?”

చూడలేదు. ఆ సాయంత్రమే రెండు ప్లేట్ల నుంచీ చెరో ముక్క కోసి, రెసిన్‌లో పోత పోసి, ఎమరీ పేపర్ గరుకుది మొదలుకుని నున్నది దాకా రుద్ది, చివర డైమండ్ పేస్ట్ పెట్టి మెరిపించాను. మైక్రోస్కోప్ కింద కంట్రోల్ ముక్క పెట్టగానే అర్థమైపోయింది. పొరల మధ్య వరుసగా, సగం మూసిన కళ్ళలాగా, నల్లటి సందులు. వాయిడ్లు. ఫొటోల్లో వాటి వైశాల్యం లెక్కపెడితే 3 శాతం. నానోట్యూబుల ముక్కలో 0.4. విమాన భాగాల్లో సాధారణంగా ఒకటీ రెండు శాతం దాటనివ్వరు. నా అద్దం లాంటి ప్లేటు అక్కడ చెత్తబుట్టకి పోయేది.

“సంచి ఎప్పుడు కోశావు?” అని మాత్రం అడిగారాయన. నేను నోరు విప్పలేదు. ఆయనా రెట్టించలేదు.

జరిగిందేమిటంటే, టిష్యూతో తుడిచింది పైపై తడి మాత్రమే, మిగిలింది పొరల మధ్యే ఉండిపోయింది. వాక్యూమ్ బ్యాగు ఎంత బాగా వేసినా బయటి గాలి నొక్కేది ఒక్క అట్మాస్ఫియర్ ఒత్తిడితోనే. 120 డిగ్రీల్లో నీటి ఆవిరి ఒత్తిడి దాదాపు రెండు అట్మాస్ఫియర్లు. రెసిన్ ఇంకా పల్చగా ఉండగానే ఆవిరి ఉబ్బింది, ఆ బుడగలు అలాగే గట్టిపడిపోయాయి. దాదాపు ఏడు అట్మాస్ఫియర్ల దాకా నొక్కే ఆటోక్లేవ్ అనే ప్రెషర్ ఓవెన్‌లో పెట్టి ఉంటే ఆ బుడగలు చాలావరకు అణిగిపోయేవేమో, నాకు దొరికింది మామూలు ఓవెన్. మరి నానోట్యూబుల షీట్లు? రాత్రంతా వాక్యూమ్‌లో ఆరాయి కదా, ఆల్కహాల్‌తో పాటు తేమ కూడా పోయింది.

ఈ రంగంలో ఒక పాత లెక్క ఉంది. వాయిడ్లు ఒక శాతం పెరిగితే పొరల మధ్య బలం సుమారు 7 శాతం పడిపోతుందని. నా రెండు ప్లేట్ల మధ్య వాయిడ్ల తేడా 2.6. ఏడు పెట్టి హెచ్చించండి, 18 వస్తుంది. 81 నుంచి 66కి పడటమంటే ఎంత శాతం? 18 పైచిలుకు. నానోట్యూబులకి మిగిలింది చిల్లర.

అయినా ఆశ చావదు కదా. మూడో ప్లేటు చేశాను. నానోట్యూబులు లేకుండా ఉత్త ఆల్కహాల్ స్ప్రే చేసి, అలాగే రాత్రంతా ఆరబెట్టి. 80 వచ్చింది, ముక్క ముక్కకీ మూడు అటూ ఇటూ. గైడ్‌గారికి చెప్పాల్సిన రోజు పడ్డ టెన్షన్ థీసిస్ డిఫెన్స్ రోజు కూడా పడలేదు. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “అబ్‌స్ట్రాక్ట్ వెనక్కి తీసుకుందాం” అన్నారు. ఎనిమిది నెలల పని.

అప్పటి నుంచి నాకొక జబ్బు పట్టుకుంది. ఏ పేపర్ చూసినా ముందు కంట్రోల్ అంకె చూస్తాను. “0.5 శాతం కలిపితే 30 శాతం పెరిగింది, 1 శాతం కలిపితే గుంపులు కట్టి తగ్గింది” అనే ఆ కొండ ఆకారం గ్రాఫుని కళ్ళు మూసుకుని గీయగలను. కలిపింది నానోట్యూబులు కావచ్చు, గ్రాఫీన్ కావచ్చు, మట్టి కావచ్చు, కొండ అదే. వాయిడ్లు ఎన్ని? రాయరు. కలపని ప్లేటుని కూడా అంతేసేపు కలియబెట్టి, అంతేసేపు గాలి తీసి, అలాగే ఆరబెట్టారా? రాయరు. సగం మెరుగుదలలు కంట్రోల్ ప్లేటుని నిర్లక్ష్యంగా చేయడం వల్ల వచ్చినవే అని నా గట్టి నమ్మకం. సగమని ఎవరూ లెక్కపెట్టలేదు, నేను పెట్టాను, నా మనసులో. స్టాండర్డ్ అయిదు ముక్కలైనా పరీక్షించమంటుంది, అందరూ సరిగ్గా అయిదే చేస్తారు. ఆ అయిదూ ఒకే ప్లేటులోంచి వస్తాయి. ప్లేటే తడిసిపోయి ఉంటే అయిదు కాదు, యాభై ముక్కలు కోసినా ఏం లాభం?

ఇప్పుడు సిములేషన్. నాకు దానిమీద కోపమేమీ లేదు. పలక ఎంత వంగుతుంది, ఎంత సాగుతుంది అన్న లెక్కలు చాలా బాగా కలుస్తాయి. కానీ ఎప్పుడు విరుగుతుంది అనేసరికి కథ మారిపోతుంది. 1990లలో వరల్డ్ వైడ్ ఫెయిల్యూర్ ఎక్సర్‌సైజ్ అని ఒకటి నడిపారు. ఫెయిల్యూర్ థియరీలు కట్టిన వాళ్ళకే అవే లామినేట్లు (పొరలు పేర్చిన పలకలు), అవే గుణాలు ఇచ్చి, ఇవి ఎప్పుడు విరుగుతాయో చెప్పమన్నారు. ఒకరి జవాబుకీ ఇంకొకరి జవాబుకీ పొంతన లేదు, చాలాచోట్ల టెస్టు ఫలితాలతోనూ కలవలేదు. పోగులూ రెసినూ సవ్యంగా ఉన్నప్పుడే అలా ఉంటే, నా టిష్యూ పేపర్ ప్లేటుని ఏ సాఫ్ట్‌వేర్ పసిగడుతుంది? సాఫ్ట్‌వేర్‌లో పొర ఎప్పుడూ తడవదు.

ఇంకోటి. మా ల్యాబ్‌లో ఒకబ్బాయి, పోగులు మైనస్ 45 డిగ్రీల కోణంలో ఉండాల్సిన పొర ఒకదాన్ని ప్లస్ 45లో వేశాడు. కార్బన్ పోగు పొడవు దిశలో వేడికి దాదాపుగా పెరగదు, నిజానికి రవ్వంత కుంచించుకుపోతుంది, రెసిన్ మాత్రం బాగానే పెరుగుతుంది. పైనా కిందా సమానంగా పేర్చితే ఆ గుంజులాట సరిపోతుంది. అతని ప్లేటు ఓవెన్‌లోంచి బయటికి వచ్చి చల్లారుతుండగానే మా కళ్ళ ముందే మెలితిరిగింది, కంప్యూటర్‌లో మాత్రం బల్లపరుపుగానే ఉంది. పొర తిప్పి వేశానని అతను చెప్పి ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ మెలికని కూడా చక్కగా చూపించేది. అతనికే తెలియదు, ఇక దానికేం చెప్తాడు?

లోహాల వాళ్ళకి ఈ బాధ తక్కువ. వాళ్ళకి స్టీలు ముందే తయారై, సర్టిఫికెట్‌తో వస్తుంది. మనకి వస్తువూ, వస్తువు తయారయ్యే పదార్థమూ ఒకేసారి, ఒకే ఓవెన్‌లో పుడతాయి. 2023 జూన్‌లో సముద్రంలో టైటాన్ అనే చిన్న జలాంతర్గామి నలిగిపోయి అయిదుగురు పోయారు గుర్తుందా? దాని గోడ దాదాపు 13 సెంటీమీటర్ల మందం కార్బన్ ఫైబర్. ఆ గోడ ముక్కల్ని పరీక్షిస్తే ముడతలు, వాయిడ్లు కనిపించాయని అమెరికా దర్యాప్తు విచారణలో చెప్పారు. ఆ వార్త చదువుతుంటే నాకు మళ్ళీ ఆ సగం మూసిన కళ్ళే కనిపించాయి.

అలాగని కాంపోజిట్లంటే భయపడిపోనక్కర్లేదు. రోల్స్ రాయిస్ వాళ్ళు ఆర్‌బీ211 ఇంజిన్‌కి కార్బన్ ఫైబర్ ఫ్యాన్ బ్లేడ్లు పెట్టబోయి, పక్షి తగిలే పరీక్షలో అవి తట్టుకోలేక టైటానియంకి మారారు. పాతికేళ్ళ తర్వాత, 1995లో, అలాంటి కార్బన్ బ్లేడ్లే అంచుకి టైటానియం తొడుక్కుని, జీఈ కంపెనీ వాళ్ళ జీఈ90 ఇంజిన్‌లో సర్వీసులోకి వచ్చాయి. ఇవాళ బోయింగ్ 787 బరువులో సగం కాంపోజిట్లే. ఇదంతా ప్లేట్లు చేసి, విరగ్గొట్టి, కోసి చూసినవాళ్ళ వల్ల వచ్చింది.

కాబట్టి మీరు ల్యాబ్‌లో దిగండి. చేరే ముందు ఆ ల్యాబ్‌కి వెళ్ళి రెండు విషయాలు అడగండి. ప్రీప్రెగ్ ఫ్రీజర్‌లోంచి తీసిన ప్రతిసారీ టైమ్ రాసే పుస్తకం ఉందా, పాలిషింగ్ మెషిన్ పనిచేస్తోందా. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఎన్ని ఉన్నాయో వాళ్ళే చెప్తారు, అడగక్కర్లేదు.

ఇంకా, కార్బన్ ఫైబర్ కోసేచోట మీ ల్యాప్‌టాప్ పెట్టకండి. ఆ దుమ్ములోంచి కరెంటు పారుతుంది. టెస్టింగ్ మెషిన్ కంప్యూటర్ ఏడాదిలో రెండుసార్లు కాలిపోతే మా వాళ్ళు వోల్టేజీ మీద పెట్టారు నెపం. కోత యంత్రం దానికి రెండడుగుల దూరంలో ఉండేది. పక్క గదికి మార్చండని నేను మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. నేను వచ్చేసేనాటికి మూడో కంప్యూటర్ నడుస్తోంది.